నిజాంపట్నం నుంచి సూర్యలంక, సొంత బోటులో మొదటిసారి: ఒడ్డు పక్కనే పోతే సరిపోతుందా?

మీరు విజయవాడలో ఉంటారనీ, భవానీ ఐలాండ్ దగ్గర కృష్ణలో ఇద్దరూ తెరచాప నడపడం నేర్చుకున్నారనీ, ఇప్పుడు సొంత సెయిల్ బోటులో నిజాంపట్నం నుంచి సూర్యలంక వెళ్లాలనుకుంటున్నారనీ రాశారు. భయం వేస్తే ఒడ్డు పక్కనే పోతే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నదిలో నేర్చుకున్నవాళ్లకు ముందు తోచేది ఇదే. మాకూ ఇదే తోచింది.

మాది గుంటూరు. పోయిన ఫిబ్రవరిలో మా 18 అడుగుల బోటును ట్రాలీ మీద నిజాంపట్నం తీసుకెళ్లి, మా ఆవిడా నేనూ ఇదే దారిలో వెళ్లొచ్చాం.

పొద్దున్నే గాలి నేల మీద నుంచి మెల్లగా వీచింది. పడమరకు పోతుంటే అది కుడి పక్క నుంచి వస్తుంది. నీళ్లు కృష్ణలో ఉన్నట్టే ఉన్నాయి. పదకొండు దాటాక గాలి పూర్తిగా ఆగింది, తెరచాప వేలాడింది. అరగంటకల్లా దక్షిణం నుంచి సముద్రపు గాలి మొదలైంది. నేల వేడెక్కేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. అక్కడ సముద్రం దక్షిణాన, ఒడ్డు ఉత్తరాన ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నమంతా గాలి మనల్ని ఒడ్డుకే తోస్తుంది.

సూర్యలంకలో స్నానాలు చేసేవాళ్లు కనిపిస్తుంటే, ఇంకాస్త దగ్గరికి పోదామన్నది నేనే. తెరచాప మొత్తం విప్పే ఉంది. నీళ్ల రంగు ఆకుపచ్చ నుంచి మట్టి రంగుకు మారింది. లోతు తగ్గేచోట అలలు లేచి విరుగుతున్నాయి. బోటు ఒక పక్కకు ఒరిగి, అడ్డంగా ఒడ్డు వైపు జారుతోంది. మోటారు స్టార్ట్ చేశాను. అల లేచినప్పుడల్లా ఫ్యాను నీళ్లలోంచి బయటికొచ్చి గాల్లో తిరిగింది. చుక్కాని దగ్గరున్న మా ఆవిడ, "తాడు లాగు, సముద్రం వైపు తిప్పుతున్నా" అని అరిచింది. బిగలాగాను, అరచెయ్యి కోసుకుపోయింది. నాలుగైదు అలలు మొహాన కొట్టాక గానీ మళ్లీ ఆకుపచ్చ నీళ్లలో పడలేదు. అప్పుడు తెరచాపను సగానికి దించి, మిగతాది మడిచి కట్టేశాం, అంటే రీఫ్ కట్టాం. నిజానికి గాలి ఆగిన ఆ అరగంటలోనే కట్టుకోవాల్సింది. మీరు మాత్రం తప్పకుండా అప్పుడే కట్టండి.

సూర్యలంకలో హార్బర్ లేదు, తెరిచి ఉన్న బీచ్. అక్కడ దిగే ఆలోచన పెట్టుకోకండి. దూరం నుంచే చూసి వెనక్కి తిరగండి. ఒడ్డుకు కనీసం మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఏదైనా పాడైనా లంగరు వేసి ఆలోచించుకునే టైమ్ ఉంటుంది. అక్కడ వైమానిక దళం స్థావరం ఉంది. క్షిపణులు పేల్చే రోజుల్లో సముద్రంలోకి వెళ్లకూడదు, కాబట్టి ముందే మెరైన్ పోలీసులను అడిగి, ఎప్పుడు బయలుదేరి ఎప్పటికి తిరిగొస్తారో కూడా చెప్పండి. కోస్ట్ గార్డ్ నంబర్ 1554. అలల ఎత్తు, గాలి వివరాలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇస్తుంది.

నిజాంపట్నం మొగ దగ్గర, అంటే రేవు నుంచి సముద్రంలోకి వెళ్లే దారిలో, ఇసుక మేటలుంటాయి. పోటు ఎక్కుతున్నప్పుడే దాటండి. ఒకవేళ తగులుకున్నా వచ్చే నీళ్లు లేపుతాయి. పాటు దిగేటప్పుడు తగులుకుంటే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్ల లాగుడు ఎక్కువ, వాటికి దూరంగా, అష్టమి ప్రాంతంలో రోజు చూసుకోండి. అష్టమి నాడు ప్రయాణమేంటని ఇంట్లో పెద్దవాళ్లు అంటే నవమి, దశమి పెట్టుకోండి, అప్పుడూ లాగుడు తక్కువే. వలలకు కట్టిన థర్మాకోల్ ముక్కలు కనిపిస్తే మోటారు ఆపేయండి.

లైఫ్ జాకెట్లు రేవులోనే వేసుకోండి. చుక్కాని ఎవరిదో, చివరి మాట ఎవరిదో కూడా అక్కడే అనుకోండి. మాకు ఆ రోజు నుంచీ చివరి మాట మా ఆవిడదే.

ముందురోజు సాయంత్రమే వెళ్లి, వేట నుంచి వచ్చిన సరంగులను మొగలో దారి ఎటుందో అడగండి. ఇసుక కదులుతుంటుంది, మేం వెళ్లిన దారి ఇప్పుడు ఉండకపోవచ్చు. తేదీ అనుకున్నాక ఇక్కడే రాయండి, ఆ రోజు పోటు టైమ్ చూసి చెప్తాం.