పిల్లలకు మెడికెయిడ్ తీసుకుంటే గ్రీన్‌కార్డు రాదా?

ప్రశ్న: మావారు హెచ్1బీ మీద చిన్న కంపెనీలో చేస్తున్నారు, నేను ఆయన మీద ఆధారపడ్డ హెచ్4 వీసా మీద ఉన్నాను. ఏడాదికి 80 వేల డాలర్లు వస్తాయి. కంపెనీ ఇన్సూరెన్స్‌లో పిల్లల్ని కూడా చేరిస్తే జీతంలో కోత భరించలేం, అందుకే చేర్చలేదు. బాబు గుంటూరులో పుట్టాడు, పాప ఇక్కడే పుట్టింది. ఎన్‌జే ఫ్యామిలీకేర్‌కి, అంటే తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ బీమాకి న్యూజెర్సీలో ఉన్న పథకానికి, అప్లై చేద్దామంటే గ్రీన్‌కార్డు రాదని అందరూ భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఓ తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అప్లై చేయండమ్మా, ఆలస్యం చేయకండి. పిల్లలకి ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క రాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి వస్తే వచ్చే బిల్లు మీకు తెలియంది కాదు. న్యూజెర్సీలో 2023 జనవరి నుంచి 19 ఏళ్లలోపు పిల్లలకి వీసాతో పనిలేదు, ఆదాయం చూస్తారంతే. పేదరిక రేఖకి 355 శాతం దాకా, అంటే నలుగురున్న ఇంటికి 2025 లెక్కన సుమారు లక్షా 14 వేల డాలర్ల దాకా ఇస్తారు. చాలామంది మనవాళ్లు ఇది మనకి కాదులే అనుకుని అసలు చూడనే చూడరు, అదే నా బాధ.

ఇక ఆ భయం సంగతి. ప్రభుత్వం మీద ఆధారపడతారా అని గ్రీన్‌కార్డు ఇచ్చేటప్పుడు చూసేదాన్ని పబ్లిక్ చార్జ్ అంటారు. 2022 నాటి నియమం ప్రకారం ఇల్లు గడవడానికి తీసుకునే నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో ఏళ్ల తరబడి నర్సింగ్ హోమ్‌లో ఉండటం లాంటివే లెక్కలోకి వస్తాయి, మామూలు మెడికెయిడ్ లెక్కలోకి రాదు, పిల్లలు తీసుకున్నది మీ ఖాతాలో వేయరు. పాప సిటిజన్, తనకి ఈ ప్రశ్నే లేదు. కాకపోతే ఈ నియమాన్ని తీసేయాలని 2025 నవంబరులో ఇమ్మిగ్రేషన్ చూసే హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ ప్రతిపాదించింది. బాబుకి రేపు గ్రీన్‌కార్డు కావాలి కాబట్టి వాడి విషయం మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఈ వారమే అడగండి, పాప అప్లికేషన్ ఆ జవాబు కోసం ఆపకండి.

మీ ఇద్దరికీ మామూలు మెడికెయిడ్ రాదు. 1996 నాటి సంక్షేమ చట్టం వల్ల గ్రీన్‌కార్డు వచ్చాక కూడా పెద్దవాళ్లలో చాలామంది 5 ఏళ్లు ఆగాల్సిందే. మళ్లీ గర్భం వస్తే మాత్రం, ఆదాయం పరిమితిలో ఉంటే, న్యూజెర్సీలో హెచ్4 వాళ్లకీ ఇస్తారు, గుర్తుంచుకోండి.

ఫారంలో మీరిద్దరూ మీ కోసం అడగడం లేదని టిక్ పెట్టండి. అప్పుడు మీ వీసా వివరాలు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వక్కర్లేదు. ఆదాయం మాత్రం ఉన్నదున్నట్టు రాసి, పేస్టబ్‌లు (జీతం చీటీలు) జత చేయండి.