అత్తగారి గురించి రాయబోతున్న కోడలికి

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మీ అత్తగారి, అదే మా వదినగారి సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేస్తున్నారనీ, రాసే పని నీ నెత్తిన పెట్టారనీ మీ అమ్మ చెప్పింది. నన్నడిగితే సరైన మనిషికే పడింది. కొడుకులు రాస్తే తల్లి దేవత అయి కూర్చుంటుంది. కూతుళ్లు రాస్తే కన్నీళ్లే తప్ప కబుర్లుండవు. కోడలివి గనక వదినగారి మంచీ చెడ్డా రెండూ నీకు తెలుసు.

నువ్వు పంపిన మొదటి పేజీ చదివాను. కరుణామయి, త్యాగశీలి, అన్నపూర్ణ, సేవామూర్తి అని వరసగా పెట్టావు. ఆ నాలుగూ కొట్టేసి మళ్లీ చదువు, ఏం మిగిలిందో చూడు. ఆ పేజీ తీసుకెళ్లి మా అత్తగారి పుస్తకంలో పెట్టినా అతుకుతుంది. పాపం, ఆవిడ జన్మలో వీధి గుమ్మం దాటి ఎరగదు!

అందుకని రాయడం ఆపి ముందు ఊరికి పో. వదినగారితో పాటు సారా కొట్టు మూయించాలని దాని ముందు కూర్చున్న ఆడవాళ్లలో కొందరైనా ఇంకా ఉన్నారు గదా. అందరూ డెబ్బై దాటినవాళ్లే, కాబట్టి వాయిదా వెయ్యకు. "ఆవిడ ఎలాంటి మనిషి?" అని మాత్రం అడగొద్దు. "బంగారం లాంటి మనిషమ్మా" అంటారు, అక్కడితో సరి. ఆ రాత్రి అన్నాలు ఎవరు వండారు, చంటిపిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టారు, కారప్పొడి ఎవరింటి నుంచి వచ్చింది, చీపురు ముందు ఎవరు ఎత్తారు అని అడుగు. ఇద్దరు ముగ్గుర్ని కలిపి కూర్చోబెడితే ఇంకా మంచిది. ఒకామె చెప్తుంటే ఇంకొకామె "కాదే, ఆ పొద్దు వాన" అంటుంది. నీకు కావలసింది అదే. అడిగి ఒప్పించుకుని ఫోన్లో రికార్డు పెట్టుకో, మధ్యలో నువ్వు దిద్దబోకు.

సంవత్సరాలు మాత్రం వాళ్ల మాట మీద వెయ్యకు. మనవాళ్ల లెక్క "ఉప్పెన వచ్చిన ఏడు", "సారా గొడవల ఏడు", "రామారావు పోయిన ఏడు" అన్నట్టుంటుంది. ఉప్పెన 1977 నవంబర్, రామారావు పోయింది 1996 జనవరి. ఇలాంటి గుర్తులు నాలుగు దగ్గర పెట్టుకుంటే మిగతావి వాటి మధ్యలో సర్దుకోవచ్చు. ఇక "రామారావు వచ్చి సారా తీసేశాడు" అని నీకు ప్రతి ఇంట్లోనూ చెప్తారు. అది అలాగే దించేస్తే తప్పు. నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకి అక్షరదీపం చదువులు వచ్చింది 1991లో. రాత్రి బళ్లో వాచకంలో ఉన్న, సారాతో తిప్పలు పడ్డ సీతమ్మ కథ చదివి, ఇది మన కొంప కథే గదా అనుకున్న ఆడవాళ్లు కలిగిరి మండలం దూబగుంటలో 1992లో కొట్టు మూయించారు. అక్కడి నుంచి ఊరూరికీ పాకింది. సారా వేలం పాటలు సాగనివ్వకుండా కలెక్టరాఫీసు దగ్గర అడ్డంపడితే వేలం పదే పదే వాయిదా పడింది. ముందు మన జిల్లాలో, తర్వాత 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. రామారావు తెచ్చింది సంపూర్ణ మద్యనిషేధం, 1995 జనవరి 16 నుంచి. అది 1997లో సడలిపోయింది. ఇంత చరిత్రా పుస్తకంలో ఎక్కించమని కాదు, వదినగారు ఏ రోజు ఎక్కడుందో చెప్పేటప్పుడు ఆ రోజు సరిగ్గా ఉండాలని.

సారా గొడవ తర్వాత ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. పుస్తకంలో సగం దీనికే ఇవ్వమంటాను. సభల్లో మాట్లాడేవాళ్లంతా కొట్టు మూయించిన రోజు దగ్గరే ఆగిపోతారు, ఆ తర్వాతి ఇరవై ఏళ్ల చాకిరీ ఎవరికీ పట్టదు. 1993లో ఆడవాళ్లు గ్రూపులు కట్టి డబ్బు దాచుకునే పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకి రూపాయి, నెలకి ముప్ఫై. ఆ పాత పాసుపుస్తకం మీ ఇంట్లో ఎక్కడో ఉండి తీరాలి, బీరువా కింద అర, రేషన్ కార్డుల సంచీ వెతుకు. ఉన్నప్పుడు నాకు చూపించింది. మొదటి పేజీల్లో ఊదా సిరా వేలిముద్రలు. ఆ తర్వాత ఓ చోట ముద్ర పక్కనే పేరులో మొదటి రెండక్షరాలు, మూడోది రాక వదిలేసినట్టు గీత. ఇంకో రెండు పేజీలు తిప్పితే పూర్తి సంతకం, గడి దాటి పక్క గడిలోకి పోయి. స్టూడియోలో దండ వేసి తీసిన ఫోటో లోపలికి నెట్టి, అట్ట మీద ఈ పేజీ వెయ్యండి.

ఆవిడ నోరు సంగతి కూడా రాయి. అప్పు వాయిదా కట్టని వాళ్ల గడప ముందు పొద్దున్నే పోయి కూర్చునేది, కట్టిందాకా లేచేది కాదు. అలా పరువు పోయిందని ఈనాటికీ మండిపడేవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. వాళ్లనీ కలిసి అడుగు. తిట్టనీ, ఫర్వాలేదు. గ్రూపు మునగకుండా నిలబడింది ఆ మొండితనం వల్లే.

ఇక ఇంటి సంగతి. ఆవిడ మీటింగులకు పోయినన్నాళ్లూ పొయ్యి దగ్గర ఎవరున్నారు? మీ పెద్ద తోడికోడలు. గేదెల పేడ ఎత్తింది, ముసలాయనకి మందులిచ్చింది, నీ మొగుడికి తల దువ్వి బడికి పంపినంత పని చేసింది. ఆ పిల్లని ఏ సభలోనూ వేదిక ఎక్కించలేదు. ఆమె చేత ఒక పేజీ చెప్పించి, ఆమె మాటల్లోనే వెయ్యి. "నాదేముందిలే" అంటుంది. వదలొద్దు.

మీ మామగారి తాగుడు గురించి రాయాలా వద్దా అని అడిగావట. రాయాలనే నా మాట. సొంత కొంపలో మంట లేకుండా మరొకరి వీధిలోకి ఎవరు పరిగెడతారు? ఆయన చివర్లో మానేశాడు గదా, అదీ రాయి. కానీ మీ ఆయనా మీ బావగారూ ముందు చదవాలి. వాళ్లు ససేమిరా అంటే ఆ పేరా తీసెయ్, పోట్లాటకి దిగకు. ఆయన బదులు ఇంకేదో అందమైన కారణం మాత్రం కల్పించొద్దు. మిగతా ఆడవాళ్ల మొగుళ్ల విషయంలో అయితే ఆలోచనే వద్దు. వాళ్లు ఎంత విప్పి చెప్పినా పేర్లు వెయ్యకు. మనవళ్లకి సంబంధాలు చూసుకునే ఇళ్లవి.

అచ్చు సంగతులు రెండే. పేజీలు నాలుగుతో భాగించేట్టు చూసుకో, పదహారో ఇరవయ్యో, లేకపోతే చివర తెల్ల కాగితాలు మిగులుతాయి. అక్షరాలు పెద్దవి పెట్టమని డీటీపీ అబ్బాయితో గట్టిగా చెప్పు, చదివేది కళ్లజోళ్ల వాళ్లే. భోజనాల దగ్గర పంచితే విస్తళ్ల పక్కన వదిలేసి పోతారు. గ్రూపు ఆడవాళ్లకి ముందురోజే ఇళ్లకి పోయి ఇచ్చిరా.

ప్రూఫులు వాట్సాప్‌లో పంపు. ఇంటిపేర్లు, వరసలు నేను చూస్తాను, మీ అమ్మకి వాటిలో గందరగోళం ఎక్కువ.

మీ పెద్దమ్మ