ఇంఫాల్ వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

మణిపూర్‌లో మాట్లాడే మైతేయీ భాషలో కర్తకు చేరే ‘న’ ప్రత్యయం మీద పరిశోధనకు నువ్వు ఇంఫాల్ వెళ్తున్నావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత మరొకరు ఈ భాషాశాస్త్రం దారి పట్టారని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నదీ నిజమే. 2023 మేలో మొదలైన అల్లర్లతో ఆ లోయా, ఆ కొండలూ ఎంత నలిగాయో తెలుసు కదా. అక్కడివాళ్లు వద్దన్న చోటికి వెళ్లకు. ఎంత గొప్పగా కథ చెప్పే అవ్వ ఉందన్నా సరే, వెళ్లకు.

బయటి రాష్ట్రాలవాళ్లు అక్కడికి రావడానికి తీసుకునే ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకో, 2020 నుంచి మణిపూర్‌కూ అది కావాలి. చలికాలానికి స్వెటర్లు పెట్టుకో. రికార్డు చేసే ముందు అనుమతి అడుగు, వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వు. శోభనా చెల్లయ్య 1997లో రాసిన మైతేయీ వ్యాకరణం మళ్లీ ఒకసారి చదువు.

నా భయమంతా వేరే చోట ఉంది. నాతో చదివిన ఒకాయన ఇదే ప్రత్యయం మీద పనిచేశాడు. తెలివైనవాడు, కష్టపడేవాడు. హిందీ వాక్యాల పట్టిక పట్టుకెళ్లి ఒక్కొక్కటీ మైతేయీలోకి మార్చి చెప్పమనేవాడు. హిందీలో భూతకాలపు వాక్యాల్లో కర్తకు చేరే ‘నే’ ఉన్న ప్రతిచోటా ‘న’ వచ్చింది. రాదా మరి? ముందూ వెనుకా లేని వాక్యం చెప్పమంటే, ఎవరు ఎవరిని కొట్టారో స్పష్టం చేయడానికి మనిషి అన్నీ పెట్టే చెబుతాడు. సకర్మక క్రియ ఉంటే ‘న’ తప్పనిసరి అని ఆయన తేల్చేశాడు. తర్వాత ఇంట్లో మాటలు రికార్డు చేస్తే సగం చోట్ల ప్రత్యయమే లేదు. అప్పుడేం చేశాడో తెలుసా? చెప్పినవాళ్లు తొందరలో మింగేశారనుకుని, రాతప్రతిలో తన కలంతో ‘న’లు చేర్చాడు. ఆ టేపుల మీద తర్వాత వేరే రికార్డింగులు చేశారు. ఆ ముసలివాళ్లు నిజంగా ఏమన్నారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తలచుకుంటే నాకు ఈనాటికీ కోపం ఆగదు.

వాళ్లు మింగేయలేదు, తల్లీ. ‘ఐ చాక్ చాయి’ అంటే నేను అన్నం తింటాను. ‘ఐ-న చాక్ చాయి’ అన్నా సరైన వాక్యమే, కానీ అక్కడ ఇంకెవరో కాదు, నేను అన్న ఒత్తు వస్తుంది. మన ‘నేనే’కి దగ్గరగా అనిపిస్తుంది, అయినా ఆ సమీకరణం నోట్సులో రాసుకుని నిశ్చింతగా ఉండిపోకు. అదే ‘న’ పనిముట్టుకూ వస్తుంది. హిందీలోలా భూతకాలపు క్రియలకే కట్టుబడి ఉండదు. పైగా మైతేయీ క్రియ మన ‘తిన్నాను, తిన్నాడు’లా కర్తను బట్టి మారదు. అందుకే కథలో పాత్ర మారినచోట, ఊహించనివాడు పని చేసినచోట, ఎవరు చేశారన్నది వాదనగా మారినచోట ‘న’ ఉందా లేదా చూడు. మైతేయీ చేరిన టిబెటో-బర్మన్ కుటుంబపు భాషల్లో చాలాచోట్ల ఇలాంటి గుర్తు వ్యాకరణం బలవంతం చేస్తే రాదు, అయోమయం తీర్చడానికి వస్తుందని భాషావేత్త లాపొల్లా 1995లోనే వాదించాడు. ఈ ‘న’ను పండితులు ‘ఐచ్ఛికం’ అన్నారు కదా అని, ఇష్టమొచ్చినట్టు వస్తుందనుకుంటే నాతో చీవాట్లు తింటావు.

చిన్నప్పుడు నేను కథ చెబుతుంటే మధ్యలో ఆపి “ఎవరు? ఎవరు?” అని ప్రాణం తీసేదానివి. ఇప్పుడూ అదే అడుగు, కానీ కథ పూర్తయ్యాక. రికార్డు మళ్లీ వినిపించి, ‘న’ లేనిచోట పెట్టి చెబితే ఏమవుతుందో, ఉన్నచోట తీసేస్తే ఏమవుతుందో వాళ్లనే అడుగు. “రెండూ ఒకటే” అంటే అదీ రాసుకో. మర్నాడు మరొకరిని అడుగు.

ప్రతి రికార్డుకూ రెండు నకళ్లు తీసి ఒకటి నాకు పంపు. నెట్ ఆగిపోతే పెన్‌డ్రైవ్‌లో పోస్టు చెయ్యి. చేరిన రోజే ఫోన్ చెయ్యి, మీ నాన్న కంటే ముందు నాకు.

మీ అత్తయ్య