“హిదామరి గా కికోఎరు” హాస్య ధారావాహికా, విషాదమా?

కథానాయకుల్లో ఒకరికి వినికిడి లోపం ఉంది కదా, మరి ఈ జపాన్ ధారావాహికను హాయిగా నవ్వుకునే ప్రేమకథ అంటారేమిటని ఒకరు అడిగారు. నవ్వంతా తిండి దగ్గర మొదలవుతుంది.

కథానాయకులు కొహెయ్, తాయిచి అనే ఇద్దరు కుర్రాళ్లు. కొహెయ్ మాధ్యమిక పాఠశాల రోజుల్లో వినికిడి చాలావరకు కోల్పోయాడు. విశ్వవిద్యాలయంలో ఎవరితోనూ కలవడు. తాయిచికి ఎప్పుడూ ఆకలే, చేతిలో డబ్బుండదు, నోరు పెద్దది. కొహెయ్ ఇంటి నుంచి తెచ్చుకున్న బెంతో, అంటే మన క్యారియర్ భోజనం లాంటిది, తాయిచి కడుపులోకి వెళ్తుంది. బదులుగా అతడు తరగతిలో పక్కన కూర్చుని అధ్యాపకుడు చెప్పేదంతా రాసిపెట్టాలి. ఇది కల్పన కాదు. జపాన్ విశ్వవిద్యాలయాల్లో వినికిడి లోపమున్న విద్యార్థులకు తోటివారు ఇలా రాసిపెట్టే పద్ధతి నిజంగానే ఉంది.

నాకు బాగా నచ్చింది జాలి లేకపోవడం. వినపడకపోవడం నీ తప్పా, వినపడేదాకా మళ్లీ మళ్లీ అడుగు అన్నట్టుగా తాయిచి మండిపడతాడు. అందరినీ విసిగించే ఆ గొంతే కొహెయ్‌కు స్పష్టంగా అందుతుంది. “హిదామరి” అంటే ఎండ పడి వెచ్చగా ఉండే చోటు, “కికోఎరు” అంటే వినిపిస్తుంది. పేరులోని చమత్కారం అక్కడే ఉంది.

మూలం యూకి ఫుమినో గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. 2017లో సినిమాగా, 2024లో టీవీ టోక్యోలో ధారావాహికగా వచ్చింది. ప్రేమ మాత్రం తీరిగ్గా నడుస్తుంది. తొందరపడేవారికి కాస్త విసుగు తప్పదు.