అత్తగారి కూలి ఏ పద్దులో రాశారు?

ప్రశ్న: మాది ఎస్.కోట దగ్గర పల్లె. మూడేళ్లుగా వేసవిలో మామిడి తాండ్ర చేసి కొట్లకు వేస్తున్నాను. పని నేర్పింది అత్తయ్యే. ఇప్పుడు ప్రతిదానికీ ఆవిడే అడ్డు. మబ్బు పడితే పొర వేయనివ్వరు. చాపలు తీసేసి స్టీలు పళ్లేలు కొందామంటే వద్దంటారు. నాకు చెప్పకుండా ఆడపడుచులకు పొట్లాలు పంపేస్తారు. విడతకు 200 కిలోల పళ్లు కిలో 25కు కొంటే, చక్కెరకు 450, ప్యాకింగుకూ ఆటోకూ 500 పోతాయి. 30 కిలోల తాండ్ర వస్తే కిలో 250కి వేస్తాను. 1,550 మిగులుతోంది. డ్వాక్రా సంఘం ద్వారా లక్షన్నర అప్పు తీసుకుని డ్రయ్యర్ పెడితే ఆవిడతో పని ఉండదు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. సీజనులో పది విడతలు తీసినా మీకు మిగిలేది 15,500. లక్షన్నర అప్పు వాయిదాలకు అది ఏ మూలకు?

అసలు ఆ 1,550 అయినా మీ లాభమేనా? రోజుకు పాతిక కిలోల పళ్లు పిండి, గుజ్జు వడకట్టి, పొర పరిచి, కాకికీ చీమకూ కాపలా కూర్చునేది ఎవరు? ఎనిమిది రోజులు, రోజుకు 200 చొప్పున మీ అత్తగారి కూలి 1,600. అది పద్దులో రాయగానే మీ లాభం పోయి, విడతకు 50 రూపాయలు ఎదురు పడుతోంది. మూడేళ్లుగా మీరు లాభమనుకుంటున్నది ఆవిడ కూలి. నా మాట కటువుగా ఉందేమో, కానీ సంఘంలో చేరి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్న ఆడమనిషి ఇంట్లో ఇంకో ఆడమనిషి చేత ఉత్తినే పని చేయించుకోవడం నాకు మింగుడుపడదు. అత్త అయినా కోడలు అయినా ఒకటే.

మీరు మొండితనం అంటున్నది ఆవిడ పనితనం. కింది పొర ఆరకుండా పైన గుజ్జు పోస్తే తడి లోపలే నిలిచి పులుస్తుంది. పైకి ఏమీ తెలియదు. ప్యాక్ చేశాక నడుమ బూజు కడుతుంది, సరుకు కొట్టు నుంచి తిరిగొస్తుంది. చాప అయితే అడుగు నుంచీ గాలి ఆడుతుంది. స్టీలు పళ్లేనికి నెయ్యి రాసి, పొర ఆరాక తిరగేస్తేనే అడుగు ఎండుతుంది. డ్రయ్యర్ పెట్టినా ఇవే తిప్పలు. దుమ్మూ వానా ఆపుతుంది, నిజమే. కానీ గాలి బయటికి పోయే దారి సరిగ్గా లేకపోతే ఆవిరి పైకప్పుకు పట్టి మళ్లీ తాండ్ర మీదే చుక్కలుగా పడుతుంది. పొర ఎప్పుడు ఆరిందో వేలితో తాకి చెప్పే మనిషి అప్పుడూ కావాలి.

ఈ వేసవికి ఒక నోటుపుస్తకం కొనండి. పళ్లు, చక్కెర, ప్యాకింగు, ఆటో కలిపి 5,950. అత్తగారికి 1,600. రోజుకు 300 చొప్పున మీకు 2,400. మొత్తం 9,950. ముప్పై కిలోలకు భాగిస్తే కిలోకు 332 దాకా మీకే పడుతోంది. కొట్టువాడు 250 అన్నాడని 250కి ఇచ్చేస్తున్నారు. భీమాళి తాండ్రకు పేరున్న చోట ఉన్నారు. సగం సరుకైనా పావుకిలో పొట్లాలు కట్టి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు వేసి, నేరుగా 350కి అమ్మి చూడండి. ఆ ధర పలికితే డ్రయ్యర్ మాట వచ్చే ఏడు ఆలోచించవచ్చు. పలకకపోతే అప్పు జోలికి వెళ్లకండి.

అత్తగారి కూలి విడత అయిన రోజే ఆవిడ చేతిలో పెట్టండి. మీ ఆయన చేతికి కాదు, "ఇంట్లోనే ఉందిగా" అని బీరువాలోనూ కాదు. ఆవిడ పేరున బ్యాంకు ఖాతా లేకపోతే తెరిపించండి. ఇక ఆడపడుచులకు వెళ్లే పొట్లాలంటారా, వాటిని మీకు పడిన ధరకే ఆవిడ పేరున రాయండి. తన కూలి డబ్బుతో తన కూతుళ్లకు ఏం పంపుకుంటారో ఆవిడ ఇష్టం.