బొమ్మలో లేనిదంతా నువ్వే గీస్తున్నావు

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్రంట్ ఎండ్ పనిలో, అంటే వెబ్ పేజీలో జనానికి కనబడే భాగాన్ని కోడ్‌తో కట్టే పనిలో, చేరి ఏడాదిన్నర అయిందనీ, జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష చేతికి అలవాటు పడుతోందనీ రాశావు. ఇప్పుడు వెబ్ డిజైన్ కూడా నేర్చుకోవాలా, ఉన్న సమయమంతా కోడింగ్ మీదే పెట్టాలా అని అడిగావు. "డిజైనర్ పని డిజైనర్ చూసుకుంటారు, మన పని మనం చూసుకుందాం" అని మీ బృందంలో ఒకరు అన్నారట. ఆయన చెడు ఉద్దేశంతో అని ఉండరు. కానీ ఆ మాట తప్పు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫిగ్మా అనే డిజైన్ పరికరంలో డిజైనర్ నీకు ఇచ్చేది పేజీ బొమ్మ. అందులో మనిషి పేరు పొట్టిగా ఉంటుంది, ఫొటో చట్రంలో చక్కగా అమరి ఉంటుంది, జాబితాలో సరిగ్గా ఆరు వస్తువులుంటాయి. అసలు పేజీ జనంలోకి వెళ్ళాక పేరు ముప్ఫై అక్షరాలుంటుంది, ఫొటో ఉండదు, జాబితా ఖాళీగా ఉంటుంది, లేదంటే నాలుగు వందల వస్తువులతో నిండిపోతుంది. నెట్ నెమ్మదించిన ఆ మూడు సెకన్లు తెర మీద ఏం కనబడాలి? తప్పుడు నంబరు కొడితే ఎర్రర్ ఎక్కడ రావాలి, ఏ మాటల్లో రావాలి? బొమ్మను కంప్యూటర్ తెర కోసం 1440 పిక్సెళ్ళ వెడల్పుకు ఒకటి, ఫోన్ కోసం 375కు ఒకటి గీసి ఇచ్చారు, బాగానే ఉంది. 820 దగ్గర ఆ పేజీ ఎలా ఉండాలి? ఇవన్నీ ఎవరో ఒకరు తేల్చాలి. సాయంత్రం పని ముగించే ముందు, ఎవరినీ అడగకుండా, కోడ్ రాస్తూ రాస్తూ తేల్చేస్తున్నది నువ్వే. అంటే డిజైన్ చేయాలా వద్దా అనే ప్రశ్న నీ ముందు లేనే లేదు నాన్నా. ఇప్పటికే చేస్తున్నావు. నేర్చుకుని చేస్తావా, నేర్చుకోకుండా చేస్తావా అన్నదే మిగిలింది.

నేను చేరిన కొత్తలో ఈ రెండు పనుల మధ్య గీత స్పష్టంగా ఉండేది. డిజైనర్ ఫొటోషాప్‌లో బొమ్మ గీసేవారు, మేం దాన్ని ముక్కలుగా కోసి టేబుల్ గళ్ళలో పేర్చేవాళ్ళం. రెండింటి మధ్య ఎడం, అంటే ఖాళీ, కావలసిన చోట కంటికి కనబడని ఒక పిక్సెల్ బొమ్మను సాగదీసి పెట్టేవాళ్ళం. పేజీ వెడల్పు మారేది కాదు కాబట్టి బొమ్మే పేజీ. 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్, అంటే తెర వెడల్పును బట్టి పేజీ అమరిక మారడం, అన్న మాటను ముందుకు తెచ్చారు, ఫోన్లు ఎలాగూ వచ్చేశాయి, ఆ రోజులు పోయాయి. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లు ఒకే నెలలో సీఎస్ఎస్ గ్రిడ్‌ను, అంటే పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్ భాషలో గళ్ళుగా అమర్చే పద్ధతిని, తెచ్చాయి. అప్పటినుంచి "ఇంతకంటే సన్నబడకు, చోటుంటే సాగు, చోటు చాలకపోతే కింది వరుసలోకి వెళ్ళు" అని పేజీకి రెండు వరుసల కోడ్‌లో చెప్పగలుగుతున్నాం. బొమ్మలో కనబడేది ఆ నియమం ఒక్క వెడల్పు దగ్గర ఎలా ఉంటుందో అంతే. నియమం నీ ఫైల్లో ఉంది. దాన్ని రాసేవాడికి అమరిక గురించి తెలియకపోతే ఎలా?

నా చేతి మీదుగా జరిగిన ఒక పొరపాటు చెబుతాను. ఒక సంస్థకు నమోదు ఫారం చేశాను. నిలువుగా గడులు, ప్రతి గడి పైన దాని పేరు. పేరుకు పైన 16 పిక్సెళ్ళు, కింద 16 పిక్సెళ్ళు ఎడం పెట్టాను. కొలతలన్నీ సమానంగా ఉన్నాయి కదా, పద్ధతిగా ఉందనుకున్నాను. వారం తిరిగేసరికి ఫిర్యాదులు మొదలయ్యాయి. జనం ఈమెయిలు గడిలో ఫోను నంబరు, ఫోను గడిలో చిరునామా రాస్తున్నారు. నేను మాత్రం తనిఖీ కోడ్‌లో తప్పు వెతుకుతూ రెండు రోజులు గడిపాను. మా డిజైనర్ వచ్చి తెర వంక ఒక్కసారి చూసి, "ఈ పేరు పై గడిదా, కింది గడిదా?" అని అడిగారు. అప్పుడు కనబడింది నాకు. రెండు గడులకూ సమాన దూరంలో వేలాడుతున్న మాట ఏ గడిదో కంటికి ఎలా తెలుస్తుంది? పేరుకూ దాని గడికీ మధ్య ఎడాన్ని 6కు తగ్గించి, గడి కింద 24 ఉంచాను. ఫిర్యాదులు ఆగిపోయాయి. జావాస్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా చూస్తుందని మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లోనే చుక్కలు గీసి చూపించారు. ఆ సంగతి నాకు అంతకుముందు తెలిసి ఉంటే రెండు రోజులు మిగిలేవి, ఆ జనానికి విసుగు తప్పేది. నేర్చుకోమని నిన్ను ఇంతగా పోరుతున్నది ఇందుకే. డిజైన్ అంటే అలంకారమని చాలామంది డెవలపర్లు అనుకుంటారు. వాడే మనిషి తప్పు చేయకుండా చూడడం దానిలో పెద్ద భాగం.

ఇక ఏం నేర్చుకోవాలి? అక్షరాలతో మొదలుపెట్టు. పేజీలో ఎక్కువ భాగం అక్షరాలే. అక్షరం సైజు, వరుస పొడవు, వరుసల మధ్య ఎడం, ఈ మూడింటి మీద కొన్ని వారాలు పెట్టు. ఇంగ్లీషు పాఠానికి వరుసకు 45 నుంచి 75 అక్షరాలు హాయిగా ఉంటాయని అచ్చు పనివాళ్ళు చాలాకాలంగా చెప్పే లెక్క. వెడల్పాటి తెర మీద వరుస ఆ చివరి దాకా పాకితే, చదివేవారి కన్ను తిరిగి వచ్చేటప్పుడు వరుస తప్పుతుంది. తెలుగు పేజీ చేసేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు కోసం అక్షరం సైజుకు 1.2 రెట్లు అని పెట్టిన వరుస ఎత్తులో 'స్త్రీ' అనే మాట పెట్టి చూడు. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు, ఆ ఎత్తుకు ఇమడవు. పెట్టెకు మించినదాన్ని దాచేయమని కోడ్‌లో రాసి ఉంటే కింది వత్తు తెగిపోతుంది. నేనైతే తెలుగుకు 1.6కు తగ్గను.

తరువాత ఎడాలు. 4, 8, 16, 24, 32 వంటి నాలుగైదు పిక్సెల్ కొలతలు ఎంచుకుని వాటితోనే పేజీ అంతా కట్టడం అలవాటు చేసుకో. ఒకచోట 13, ఇంకోచోట 17 వచ్చాయంటే ఎవరో తోచినట్లు పెట్టారన్నమాట.

రంగుల్లో ప్రస్తుతానికి నీకు కావలసింది కాంట్రాస్ట్ లెక్క, అంటే రెండు రంగుల మధ్య వెలుగు తేడా లెక్క, ఒక్కటే. చూపు తగ్గినవాళ్ళ వంటివారు కూడా పేజీ వాడగలగాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ అనే అందుబాటు ప్రమాణాల ఏఏ అనే మధ్య స్థాయి ప్రకారం మామూలు సైజు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య ఆ నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలి. తెల్లటి పేజీ మీద, కోడ్‌లో #777777 అని రాసే బూడిద రంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, #767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. ఈ రెండింటికీ తేడా ఏ కన్నూ పట్టలేదు, నిజమే. కానీ డిజైనర్లు మంచి తెర మీద చూసి ముచ్చటపడే #999999 ఉందే, అది 2.85 మాత్రమే. ఎండలో పాత ఫోను పట్టుకున్న మనిషికి, చత్వారం వచ్చిన నాలాంటి వాళ్ళకు అది కనబడదు. నీకు ఆ లెక్క తెలిస్తే కోడ్ రాసే ముందే మర్యాదగా చెప్పగలుగుతావు. ఆ ప్రమాణాల్లో 2023లో వచ్చిన 2.2 రూపంలో, కొన్ని మినహాయింపులతో, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ళ చదరం ఉండాలన్నారు. వేలి కోసం ఇంకా పెద్దదిగా ఉంచితే మంచిది.

లోగోలు, బొమ్మలు గీయడం, బ్రాండు రంగుల ఎంపిక, జనాన్ని కూర్చోబెట్టి పరిశోధన చేయడం, వీటి జోలికి ఇప్పుడు వెళ్ళకు. అవి పూర్తికాలపు వృత్తులు. ఫిగ్మా కూడా ఇంకొకరు చేసిన ఫైలును చదవడానికి సరిపడా వస్తే చాలు. పరికరం నేర్చుకుని డిజైన్ నేర్చుకున్నామనుకునే వాళ్ళను చాలామందిని చూశాను. ఇంకో మాట. బటన్ కావలసిన చోట నువ్వు ఇంకా డివ్ అనే ఉత్త పెట్టె వాడుతుంటే, పేజీలో ఏది ఏమిటో చెప్పే హెచ్‌టీఎంఎల్‌ను ముందు సరిచేసుకో. పునాది అదే.

సాధన ఎలాగంటావా? నువ్వు రోజూ వాడే ఒక మంచి పేజీ తీసుకో. దాని కోడ్ తెరవకుండా, కేవలం కంటితో చూసి, నీ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌తో మళ్ళీ కట్టు. అయ్యాక రెండింటి స్క్రీన్‌షాట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. తేడా వచ్చిన ప్రతిచోటా నీ కన్ను ఏదో చూడలేదన్నమాట. మొదటిసారి ఎడాలన్నీ నీవి ఇరుకుగా ఉంటాయి, అందరికీ అలాగే వస్తుంది. పది పేజీలు అయ్యేసరికి కన్ను దారిలో పడుతుంది.

ఇది మాత్రం గుర్తుంచుకో. నాలుగు ముక్కలు తెలిశాక డిజైనర్ గీసినదాన్ని చెప్పకుండా మార్చాలనిపిస్తుంది. నేను ఒకసారి మార్చాను. నా మార్పు నిజంగా మెరుగే, అయినా ఆ డిజైనర్ నన్ను మళ్ళీ నమ్మడానికి ఏడాది పట్టింది. సందేహం వస్తే వెళ్ళి పక్కన కూర్చో. "ఇక్కడ ఎన్ని పిక్సెళ్ళు?" అని కాకుండా "ఇక్కడ ఇంత ఎడం ఎందుకు పెట్టారు?" అని అడుగు. పొడుగు పేరు వస్తే ఏమవుతుందో రెండు రకాలుగా కట్టి చూపించి, ఏది ఉంచాలో ఆ మనిషినే చెప్పనివ్వు. ఏ కోర్సులోనూ రానంత ఆ గంటలో వస్తుంది.

నువ్వు ఇప్పుడు చేస్తున్న ఆ ఖాతా పేజీ ఉంది కదా, దాని మీద మూడు పనులు చెయ్యి. పేరు గడిలో నలభై అక్షరాల పేరు పెట్టు. బ్రౌజర్‌లో అక్షరాలను 200 శాతానికి పెంచు. మౌస్ పక్కన పెట్టి టాబ్ మీటతోనే చివరిదాకా వెళ్ళు, ప్రతి మెట్టులో నువ్వెక్కడున్నావో తెర మీద కనబడుతోందో లేదో చూసుకో. ఎక్కడెక్కడ చెదిరిందో స్క్రీన్‌షాట్లు తీసి పంపు. ఆదివారం తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

నీ అత్తయ్య