పొద్దున మానేసిన టిఫినే రాత్రి తినిపిస్తుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ: తినడం మొదలుపెడితే ఆగలేకపోవడం. హాస్టళ్లలో, కిరాయి గదుల్లో ఉండి చదువుకుంటున్న పిల్లలు రాశారు, ఒక తల్లి రాశారు. డైటీషియన్, సైకాలజిస్టు కలిసి జవాబులు ఇచ్చారు. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: హన్మకొండలో హాస్టల్‌ల ఉండి బీటెక్ రెండో ఏడాది చదువుతున్న. పొద్దున టిఫిన్ చెయ్యను, లావైతనని భయం. మధ్యాహ్నం మెస్‌ల రెండు గరిటెల అన్నంతోనే లేస్త. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం నన్ను నేను ఆపుకోలేను. బిర్యానీ తెప్పించుకుంట, దాని మీద బిస్కెట్లు, అమ్మ పంపిన అప్పాల డబ్బా ఖాళీ అయ్యేదాక చెయ్యి ఆగదు. రూమ్మేట్లు పడుకున్నాక చీకట్ల తింట. తర్వాత ఏడ్చి, రేపు అస్సలు తిననని ఒట్టు పెట్టుకుంట. వారానికి మూడు నాలుగు సార్లు, నాలుగు నెలల నుంచి ఇట్లనే. నాకు మనసు మీద అదుపు లేదా?

జవాబు: మనసును నిందించే ముందు, రాత్రి తొమ్మిదింటికి మీ ఒంట్లో ఏముందో చూడండి తల్లీ. ముందురోజు రాత్రి నుంచి అప్పటిదాకా అందింది రెండు గరిటెల అన్నం. ఇరవై ఏళ్ల శరీరం దాన్ని కరువు అనుకుంటుంది. కరువులో ఉన్న శరీరం తిండి కనబడగానే వేగంగా, ఎక్కువగా, తీపీ నూనే ఉన్నవాటినే కోరుకుంటుంది. మీరు పెట్టుకునే ఒట్టు మర్నాటి కరువును ముందే ఖాయం చేస్తోంది. అదే మళ్లీ రాత్రి తినిపిస్తోంది.

ఇది ఊహ కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఒళ్లూ మనసూ బాగున్న 36 మంది యువకులకు ఆరు నెలల పాటు మామూలు తిండిలో దాదాపు సగమే పెట్టి చూశారు. వాళ్లకు రోజంతా తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. మళ్లీ కావలసినంత తినవచ్చన్నాక కడుపు నిండినా ఆకలి తీరినట్టు అనిపించక, మితిమీరి తిన్నవాళ్లున్నారు. గట్టి మనుషులని ఏరి తెచ్చినవాళ్ల పరిస్థితే అది.

కాబట్టి వైద్యం పొద్దున మొదలవ్వాలి. ఎనిమిదింటికి టిఫిన్: మూడు నాలుగు ఇడ్లీలు, లేదా గిన్నెడు ఉప్మా, వీలైతే ఒక ఉడికిన గుడ్డు. పదకొండుకు అరటిపండు, గుప్పెడు పల్లీలు. ఒంటిగంటకు కడుపు నిండా భోజనం. రెండు గరిటెలు కాదు, పళ్లెంలో సగం దాకా అన్నం, గిన్నెడు పప్పు, కూర, పెరుగు. సాయంత్రం ఐదింటికి శనగ గుడాలో, పల్లి పట్టీ చాయో. ఎనిమిదింటికి మళ్లీ భోజనం. పన్నెండు దాకా చదివే రోజుల్లో పదిన్నరకు గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు కూడా లెక్కలోనే ఉండాలి. ఏ రెండింటి మధ్యా నాలుగు గంటలు మించకూడదు. మొదట్లో ఆకలి కబురు మీద ఆధారపడకండి, గడియారం చూసి తినండి. ఇన్నాళ్లు ఆకలిని అణచిపెట్టాక అది వేళకు పలకడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇక్కడ ఎక్కువమంది జారిపడే చోటు ఒకటుంది. సోమవారం నుంచి బుధవారం దాకా బాగానే తింటారు, గురువారం రాత్రి అదుపు తప్పుతుంది, శుక్రవారం పొద్దున ‘నిన్న తిన్నది చాలదా’ అని టిఫిన్ మానేస్తారు. చక్రం మళ్లీ మొదలు. రాత్రి ఎంత తిన్నా సరే, మర్నాడు ఎనిమిదింటి టిఫిన్ ఆగకూడదు. ఆకలి లేకపోతే రెండు ఇడ్లీలే తినండి, కానీ తినండి. ఈ ఒక్క నియమం నిలబెట్టుకుంటే మిగతావి నెమ్మదిగా సర్దుకుంటాయి. నియమం పట్టిన మొదటి వారాల్లో కడుపు ఉబ్బరంగా, బరువుగా ఉంటుంది. లావైపోతున్నానని బెదిరి మానేయకండి. మొదటి మూడు నెలలు వారానికి ఒక్కసారికి మించి బరువు చూసుకోవద్దు. రోజూ మారే అంకె చాలావరకు ఒంట్లో నీళ్ల హెచ్చుతగ్గులే.

అప్పాల డబ్బా సంగతి. దాన్ని పారేయమనో, అమ్మను పంపొద్దనమనో చెప్పం. పూర్తిగా నిషేధించిన వస్తువే రాత్రిపూట పిలుస్తుంది. డబ్బా మంచం కింద కాకుండా రూమ్మేట్ షెల్ఫులో పెట్టించండి. సాయంత్రం ఐదింటికి నాలుగు సకినాలు పళ్లెంలో పెట్టుకుని, మూత పెట్టేసి, కూర్చుని, నలుగురిలో తినండి. పట్టపగలు, కడుపులో మధ్యాహ్నం అన్నం ఉండగా తిన్న సకినం అర్ధరాత్రి తిన్న సకినంలా లాగదు. ఆర్డర్ యాప్‌లో దాచిన కార్డు వివరాలు తీసేయండి. ప్రతిసారీ టైప్ చేయాల్సి వస్తే ఆ రెండు నిమిషాలు ఆలోచనకు దొరుకుతాయి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ టైముకు, ఏం, ఎక్కడ తిన్నారు, అంతకుముందు ఏం జరిగింది అన్నది తిన్న వెంటనే రాయండి. క్యాలరీలు రాయొద్దు, అవి మళ్లీ డైటింగ్‌లోకి లాగుతాయి. రెండు వారాలకు వెనక్కి తిప్పితే నమూనా కనబడుతుంది: ఇంటర్నల్స్ ముందురోజు, ఇంటికి ఫోన్ చేసి పోట్లాడిన రోజు, నాలుగు గంటలే పడుకున్న రోజు, నెలసరి ముందు వారం. నెలసరి ముందు ఆకలి పెరగడం సహజం. ఆ వారం సాయంత్రం చిరుతిండి కొంచెం పెంచండి.

కోరిక వచ్చినప్పుడు అది పెరుగుతూనే పోతుందనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు ఇరవై ముప్పై నిమిషాల్లో పైకెక్కి తగ్గుతుంది. ఆ అరగంట గదిలో ఒంటరిగా గడపకండి. కారిడార్‌లోకి వెళ్లండి, స్నానం చేయండి, బట్టలు ఉతకండి, ఎవరికైనా ఫోన్ చేయండి. తిండి గురించే మాట్లాడక్కర్లేదు. ‘చదువుకుంటా’ అని మాత్రం కూర్చోకండి. పుస్తకం ముందు మెదడు డబ్బా దగ్గరికే పోతుంది.

చివరగా, మీ లక్షణాలకు ‘బింజ్ ఈటింగ్ డిజార్డర్’ అని పేరుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దీన్ని విడి జబ్బుగా గుర్తించింది. కొలత: తక్కువ సమయంలో మామూలుకన్నా చాలా ఎక్కువ తినడం, ఆపలేననిపించడం, ఒంటరిగా తినడం, తర్వాత తన మీద తనకే రోత పుట్టడం, ఇది సగటున వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలు ఉండటం. మీది అంతకు మించింది. పైన చెప్పింది ఈరోజే మొదలుపెడుతూనే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి.

ప్రశ్న: కాజీపేటలో రూమ్ తీసుకుని డిగ్రీ చదువుతున్న. జిమ్‌కు పోత. వారమంతా చికెన్, గుడ్లు, ఓట్స్. ఆదివారం చీట్ డే అని మొదలుపెడితే రెండు బిర్యానీలు, కేకు, ఐస్‌క్రీం అయినా ఆగను. సోమవారం ఏం తినకుండా మూడు గంటలు ఉరుకుత. అబ్బాయిలకు కూడా ఈ జబ్బు ఉంటదా?

జవాబు: ఉంటుంది తమ్ముడూ. అబ్బాయిల్లో కనిపెట్టడం ఆలస్యమవుతుంది, ఎందుకంటే రెండు బిర్యానీలు తింటే దోస్తులు చప్పట్లు కొడతారు. మీ ఉత్తరంలో ఆదివారం కన్నా సోమవారమే మాకు ఎక్కువ ఆందోళన కలిగించింది. తిన్నదాన్ని ‘కరిగించడానికి’ ఉపవాసం ఉండటం, ఒళ్లు విరిగేలా ఉరకడం బులీమియా అనే మరో జబ్బు లక్షణాలు. దానికి వాంతి చేసుకోవడమే ఉండాలని లేదు.

చీట్ డే తీసేయండి. అన్నం, రొట్టె ప్రతిరోజూ రెండు పూటలా తినండి, బిర్యానీ వారం మధ్యలో ఒకసారి ఒక ప్లేటు, ఎవరితోనైనా కలిసి. సోమవారం మామూలు టిఫిన్, మామూలు కసరత్తు. ఆదివారం ఎంత తిన్నా ఒక్క సెట్టు కూడా ఎక్కువ చేయకూడదు. సోమవారం శిక్ష ఆగితే ఆదివారం ఆబ తగ్గడం కొన్ని వారాల్లో మీకే తెలుస్తుంది. కొవ్వు కరిగిస్తాయని అమ్మే గుళికలు, పొడులు వాడుతుంటే ఆపేయండి. డాక్టర్‌కు ఆ డబ్బా చూపించండి.

ప్రశ్న: జనగామ నుంచి రాస్తున్న. ఎక్కువ తిన్న రోజు గొంతులో వేలు పెట్టుకుని కక్కేస్త. ఎవరికీ తెల్వదు. అప్పుడప్పుడు గుండె దడదడ అంటది, కండ్లు తిరుగుతయి.

జవాబు: ఈ వారమే డాక్టర్‌ను కలవాలి, దయచేసి వాయిదా వేయకండి. వాంతులతో ఒంట్లో పొటాషియం పడిపోతుంది. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. మీరు చెప్పిన దడ అదే కావచ్చు. రక్తంలో పొటాషియం పరీక్ష, ఈసీజీ చేయించాలి. ‘వాంతులు నేనే చేసుకుంటున్నా’ అని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, లేకపోతే గ్యాస్ బిళ్లలు రాసి పంపేస్తారు. స్పృహ తప్పినా, వాంతిలో రక్తం కనబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి. కడుపులోని ఆమ్లంతో మెత్తబడిన పంటి పైపొర బ్రష్‌కు అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చిటికెడు తినే సోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగండి. ఇంకో మాట: వాంతి చేసుకున్నా తిన్నదంతా బయటికి రాదు. శరీరం కొంత అప్పటికే తీసేసుకుంటుంది. పైగా ‘తర్వాత కక్కేయొచ్చు’ అన్న ధైర్యమే ఇంకా తినిపిస్తుంది. తిన్నాక ఒక గంటసేపు నలుగురిలో, బాత్రూమ్‌కు దూరంగా ఉండండి. మొదటి ఉత్తరానికి చెప్పిన తిండి వేళలు మీకూ వర్తిస్తాయి.

ప్రశ్న: మాది జగిత్యాల. బిడ్డ వరంగల్‌లో చదువుతోంది. బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు మంచం కింద చాక్లెట్ కాగితాలు, ఖాళీ మిక్చర్ ప్యాకెట్లు దొరికినయి. కోప్పడితే రెండు రోజులు మాట్లాడలే. సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకుపోతే రేపు పెండ్లికి ఇబ్బంది అయితదని మా ఆయన అంటున్నరు. ఏం చేయాలె?

జవాబు: అమ్మా, ఆ కాగితాలను సాక్ష్యంలా ముందు పెట్టకండి. దాచుకుని తినే పిల్లకు ఆ సిగ్గే పెద్ద బరువు. దొరికిపోయానన్న బాధ మళ్లీ తిండి వైపే తోస్తుంది. ఇద్దరూ పనిలో ఉన్నప్పుడు, కూరగాయలు తరుగుతూనో నడుస్తూనో, ‘ఈ మధ్య తిండి దగ్గర బాధపడుతున్నట్టున్నవు, నేను తిట్టను, చెప్పాలనిపిస్తే చెప్పు’ అనండి. ఆమె వెంటనే చెప్పకపోవచ్చు. వారం తర్వాత మళ్లీ ఒకసారి అనండి, అంతే.

ఇంట్లో బరువు మాట ఆపేయాలి. ‘లావైనవేందే’ అని పలకరించే చుట్టాలను ఆపాల్సింది మీరు, బిడ్డ కాదు. ‘తక్కువ తిను’ అని ఒక పూట, ‘ఇంకొంచెం తిను, పండుగ కదా’ అని ఇంకో పూట అనకండి. పళ్లెంలో ఎంత పెట్టుకోవాలో ఆమెనే పెట్టుకోనివ్వండి. అందరూ ఒకే టైముకు కూర్చుని తినండి.

డాక్టర్ విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు రోగికి ఉంది. చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప వాటిని బయటపెట్టకూడదు. పెండ్లివారికి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. పెండ్లి మాట పక్కన పెడితే, చికిత్స లేకుండా ఏళ్లు గడిస్తే పోయేది బిడ్డ చదువూ ఆరోగ్యమూ. వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మీరు కూడా చేయవచ్చు, బిడ్డనే చేయాలని లేదు.

ఆస్పత్రిలో ముందుగా థైరాయిడ్, షుగర్, రక్తహీనత పరీక్షలు రాయవచ్చు, నెలసరి సరిగా రాకపోతే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) ఉందేమో చూస్తారు. ఇప్పటికే వాడుతున్న మందుల్లో స్టెరాయిడ్లలాంటివి ఆకలి పెంచుతాయి కనుక పాత చీటీలన్నీ తీసుకెళ్లండి. ఈ జబ్బుకు ముందు వరుస చికిత్స సీబీటీ అనే మాటల వైద్యం. వారానికో సెషన్ చొప్పున కొన్ని నెలలు పడుతుంది. మందు అవసరమా అన్నది సైకియాట్రిస్ట్ చూసి చెబుతారు. చాలామందికి మందు లేకుండానే నయమవుతుంది. ‘ఆకలి తగ్గే మాత్ర’ అని మెడికల్ షాపులో అడిగి కొనకండి.

ప్రశ్న: ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంట. ఆదివారం పొద్దున లేచింది మొదలు ఆగకుండా తింట. ఒక్కపొద్దు మానేస్తే పాపమా?

జవాబు: పాపపుణ్యాల లెక్క మీ ఇంటి పెద్దలది. ఒళ్లు చెప్పేది మాత్రం ఇది: తిండి అదుపు తప్పుతున్న మనిషికి రోజుకు ఒక్కపూట భోజనం మర్నాటి అతితిండికి పునాది. నయమయ్యేదాకా ఆ రోజు మాంసం మానడమో, గుడికి వెళ్లడమో పెట్టుకోండి, పూటలు మాత్రం తగ్గించకండి. ఇంట్లో ఒప్పుకోకపోతే పాలు, పండ్లు, అటుకులు ప్రతి మూడు గంటలకోసారి తీసుకుని, రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించండి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికే టిఫిన్ చేయండి, పదింటిదాకా పడుకోవద్దు.